ముగ్గుర్ని మింగినవాడు

గతవారం మనం లొరీన్‌ను అడకత్తెరలో పోకచెక్కలా వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. రోజెన్‌ఫెల్డ్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా తన గదిలోనే, అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ఎదురుగా. ఆ కోచ్ పరాయివాడైతే బయటికి పొమ్మనేది. కన్నకొడుకు కోల్బీ అయిపోయాడు.

విషయం చిన్నదే. శుక్రవారం తలల లెక్క. ఆ రోజు బడిలో ఎందరు పిల్లలుంటే దాన్నిబట్టి, వచ్చే రెండేళ్లు ఆ బడి ఏ విభాగంలో ఆడాలో రాష్ట్ర క్రీడాసంఘం తేలుస్తుంది. వందమంది లేదా అంతకు తక్కువ ఉంటే, జట్టుకు ఎనిమిదిమంది ఆడే చిన్న మైదానం ఆట. వంద మీద ఒక్కరున్నా పదకొండుమంది ఆట, పెద్ద బడులతో. రోజెన్‌ఫెల్డ్‌లో సరిగ్గా వందమంది ఉన్నారు. బుధవారం నాడు ఒడీలియా అనే గ్వాతెమాలా ఆవిడ వచ్చింది. పాలడెయిరీలో కొత్తగా పనికి కుదిరిందట. పదిహేనేళ్ల కూతురు యాడిరాను గురువారం మూడింటికి తీసుకొచ్చి చేర్పిస్తానని చెప్పి వెళ్లింది. దాంతో లెక్క నూటొక్కటి.

కోల్బీ అడిగింది కూడా చిన్నదే. ఖాళీ లేదనో, పుస్తకాలు రాలేదనో చెప్పి వాళ్లను సోమవారం రమ్మనమన్నాడు. అతని జట్టులో ఉన్నది పద్దెనిమిది మంది కుర్రాళ్లు. వాళ్లలో ఆరుగురికి ఇంకా మీసాలే రాలేదు. వాళ్లను తీసుకెళ్లి పెద్ద బడుల దున్నపోతుల ముందు రెండేళ్లు నిలబెడితే ఎంతమంది తమ కాళ్ల మీద ఇంటికి వస్తారో నువ్వే చెప్పు అన్నాడు. లొరీన్ చూద్దాం అంది. ఇరవయ్యేళ్ల బడి ఉద్యోగంలో ఆమె ఏ పిల్లనీ గడప బయట నిలబెట్టలేదు. కొడుకు చెప్పింది అబద్ధమనీ ఆమె అనుకోలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

గురువారం మధ్యాహ్నం చర్చి కింది వంటగదిలో పిండి పిసికే పని. మర్నాడు సొంతూళ్లో మ్యాచ్ ఉంటే, ముందురోజే ఊరి ఆడవాళ్లంతా చేరి క్యాబేజీ, గొడ్డుమాంసం కూరిన బియరాక్ రొట్టెలు చేస్తారు. రష్యాలోని వోల్గా నది ఒడ్డు నుంచి ఈ కాన్సస్‌కు ముత్తాతలు మోసుకొచ్చినవాటిలో ఈ ఊళ్లో మిగిలినవి రెండే, ఈ రొట్టె ఒకటి, మొండితనం ఒకటి. లొరీన్ భోజనం వేళకు వచ్చి ఒక బల్ల దగ్గర నిలబడుతుంది. మనవరాలు టెస్సా కూడా వెంట వస్తుంది.

టెస్సాకు పదిహేనేళ్లు. కోల్బీకి పెళ్లీ, కూతురూ రెండూ తొందరగానే వచ్చాయి. పెళ్లి వచ్చినంత తొందరగానూ పోయింది, కూతురు మిగిలింది. తండ్రీకూతుళ్లిద్దరూ లొరీన్ ఇంట్లోనే ఉంటారు. తల్లి క్యాండిస్ మూడు గంటల దూరంలో విచిటాలో ఉంటుంది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, ఇక్కడ పెద్ద బడి ఉంది, ఈతకొలను ఉంది, వచ్చేయ్ అని పిలుస్తుంది. వస్తే మాత్రం పూర్తిగా రావాలి, అటూ ఇటూ తిరిగే పని పెట్టుకోకు అని కూడా అంటుంది. టెస్సా నవ్వేసి మాట మారుస్తుంది.

వంటగదిలో పెత్తనం బెనెడిక్టాది. ఎనభై దాటినా అప్పడాల కర్ర ఆమె చేతిలో ఉన్నంతసేపు బిషప్ గారైనా పక్కకు తప్పుకోవలసిందే. లొరీన్ గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో ఆమె అందుకుంది.

"ఏమే లొరీన్, నూటొక్కటట కదా. మా ఆయన పొద్దుట్నుంచీ నేల మీద లేడు. గోల్ స్తంభాలు మళ్లీ పాత చోటికి జరపాలంట. గుంతలెవరు తవ్వుతారయ్యా అంటే నేనే అంటాడు. వంగి బూటుతాడు కట్టుకోలేని మనిషి."

మూల బల్ల దగ్గర క్యాబేజీ తరుగుతున్న ముసలాళ్లందరూ గలగలా నవ్వారు. వాళ్లంతా పదకొండుమంది ఆట ఆడిన కాలం వాళ్లు. చిన్న ఊళ్లో వార్త దాగదు కదా, డెయిరీలో దిగిన కొత్త కుటుంబం సంగతి తెల్లారేసరికి ఇంటింటికీ చేరిపోయింది. ఒకరు మంచులో ఆడిన మ్యాచ్ గురించి ఎత్తుకున్నారు. ఇంకొకరు బస్సు చెడిపోతే మ్యాచ్‌కు గోధుమల లారీలో వెళ్లిన సంగతి చెప్పారు. అందరికీ తెలిసిన కథలే. ఎవరూ అడ్డం రాలేదు. చెప్పేవాళ్ల మొహాల్లో వయసు కాసేపు ఎటో వెళ్లిపోయింది.

లొరీన్‌కూ ఆ మైదానం గుర్తొచ్చింది. ఎందుకు గుర్తురాదు, ఆమె దాని మీదే పెరిగింది. వాళ్ల నాన్న కోచ్ లైనస్. శుక్రవారం పొద్దున్నే సున్నం బండి తోస్తూ గీతలు వేసేవాడు, ఆమె పక్కన నడుస్తూ తాడు పట్టుకునేది. అప్పటి మైదానం ఎంతో పెద్దది. ఈ చివరి నుంచి ఆ చివరికి చూస్తే మనుషులు పిల్లల్లా కనిపించేవారు. సాయంత్రమయ్యేసరికి చుట్టూ పికప్ బండ్లు ముక్కు లోపలికి పెట్టి నిలబడేవి. మనవాళ్లు బంతిని అవతలి చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేస్తే అన్నీ ఒక్కసారిగా హారన్ మోగించేవి. ఆ మోత పక్క ఊరి ఆవులకు కూడా వినిపించేదని నాన్న అనేవాడు. తడి గడ్డి, సున్నం, బియరాక్‌ల ఉల్లిపాయ వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఆ వాసన కోసం ఆమె ఇప్పటికీ వెతుక్కుంటుంది, ఒక్కోసారి కొంచెం దొరుకుతుంది కూడా.

"పిండి కొద్దీ రొట్టె," అంది బెనెడిక్టా ముసలాళ్ల వైపు తిరిగి. "మన పిండెంతో ముందు చూసుకోండి. పద్దెనిమిదిమంది పిల్లకాయల్ని పెట్టుకుని పదకొండుమంది ఆటేంటి?"

"అదంతా ఆ ముగ్గుర్ని మింగినోడి చలవే," అన్నాడొక ముసలాయన. "వాడు ఆవేళ ఒక్కరోజు ఆగుంటే మనకీ పాట్లుండేవి కాదు."

ముగ్గుర్ని మింగినవాడంటే ఎల్డన్. అసలు పేరుతో పాద్రిగారొక్కరే పిలుస్తారు. పందొమ్మిది వందల ఎనభై ఏడులో రోజెన్‌ఫెల్డ్‌కు నూటొక్కమంది పిల్లలుండేవారు. తలల లెక్కకు సరిగ్గా ముందురోజు ఎల్డన్ బడి మానేసి పక్క రాష్ట్రం ఓక్లహోమాలో మామయ్య నడిపే, ఊరూరా తిరిగి పంట కోసే కోతయంత్రాల ముఠాలో చేరిపోయాడు. పదిహేడేళ్లవాడు. జట్టులో వాడంత వేగంగా పరిగెత్తేవాడు లేడు. లెక్క వందకు పడిపోయింది. మరుసటి ఏడాది పదకొండు కాస్తా ఎనిమిదయింది. స్తంభాలు లోపలికి జరిగాయి, గీతలు దగ్గరయ్యాయి. పదకొండులోంచి ఎనిమిది పోతే ముగ్గురు. ఆ ముగ్గుర్నీ ఎల్డన్ మింగేశాడని ఎవరో అన్నారు, ఊరంతా అందుకుంది.

రెండేళ్లకు అతను తిరిగొచ్చి తండ్రి పొలంలో కూరగాయలు వేశాడు. పెళ్లి చేసుకోలేదు. ప్రతి మ్యాచ్‌కూ వస్తాడు. దక్షిణం చివర, స్తంభాల వెనక, ఒకప్పుడు మైదానంలో భాగమైన గడ్డిలో తన నీలం పికప్ ఆపుకుంటాడు. అక్కడ ఇంకెవరూ ఆపరు. టచ్‌డౌన్ పడినా అతని హారన్ మాత్రం మోగదు. లొరీన్ వాళ్ల నాన్న రిటైరయ్యాక, చనిపోయేవరకూ, ప్రతి మ్యాచ్ చివర్లో వెళ్లి ఆ పికప్‌లో కాసేపు కూర్చునేవాడు. ముంచినవాడిని కూడా పలకరిస్తున్నాడు, ఎంత పెద్ద మనసు అని ఊరు ఆయన్ని మెచ్చుకునేది. మైదానానికి ఆయన పేరే పెట్టారు.

లొరీన్‌కు ఎల్డన్‌తో ఇంకో లెక్క కూడా ఉంది. ఆ ఏడు అక్టోబరు డాన్సుకు అతనితో వెళ్లాల్సింది ఆమే. అమ్మ కుట్టిన ఆకుపచ్చ గౌను మంచం మీద పరిచి ఉంది. అతను మాటైనా చెప్పకుండా పోయాడు. రెండేళ్ల తర్వాత అతను కిరాణాకొట్టులోకి వచ్చినప్పుడు ఎవరో ముగ్గుర్ని మింగినోడు వచ్చాడన్నారు. కౌంటరు దగ్గరున్న లొరీన్ అతని మొహంలోకి చూస్తూ అందరికంటే గట్టిగా నవ్వింది.

గురువారాలు ఎల్డన్ వంటగది వెనక తలుపు దగ్గర క్యాబేజీ బస్తా దింపి, తలుపు ఒకసారి తట్టి వెళ్లిపోతాడు. లోపలికి రమ్మని ఎవరూ అనరు, అతనూ రాడు. ఆవేళ తలుపు చప్పుడవగానే లొరీన్ పిండి చేతులతోనే బయటికి వెళ్లింది. ఒక్క పిల్ల తక్కువైతే ఏమవుతుందో ఈ ఊళ్లో అతనికంటే బాగా ఎవరికి తెలుసు. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"ఎల్డన్, ఆవేళ నువ్వు వెళ్లినప్పుడు లెక్క సంగతి నీకు తెలుసా?"

అతను బస్తా కింద పెట్టాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్లలో ఈ మాట నన్ను అడిగినదానివి నువ్వొక్కదానివే. మిగతావాళ్లంతా నాకే చెప్పారు." పికప్ తలుపు తెరిచాడు. "ఎక్కు. ఇక్కడ వద్దు."

వాళ్లు మైదానం దక్షిణం చివరకి వెళ్లి ఆగారు. ఎండ చుర్రుమంటోంది. ఎదురుగా కొత్త సున్నం గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. డాష్‌బోర్డు మీద విత్తనాల పొట్లాలు, ఒక జపమాల. ఎల్డన్ తొందరపడలేదు. నలభై ఏళ్లు దాచుకున్నవాడికి ఇంకో రెండు నిమిషాలు లెక్కా?

ముందు తమ్ముడి గురించి చెప్పాడు. డ్వేన్‌ను లొరీన్ ఎరగనిదేం కాదు. ఆదివారం చర్చి గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లందరికీ పాటల పుస్తకాలు ఇస్తాడు. మనుషుల పేర్లు గుర్తుండవు, పాటలు మాత్రం అన్నీ గుర్తుంటాయి. పద్నాలుగేళ్లప్పుడు ఆటలో తలకు దెబ్బ తగిలి అలా అయ్యాడని ఊరికంతటికీ తెలుసు. దేవుడి చిత్తం అన్నారు. ఊరికి తెలియనిది ఒకటి ఉంది. ఎనభై ఆరు అక్టోబరులో, ఒక పెద్ద బడితో ఆడుతున్నప్పుడు, డ్వేన్‌కు తగిలిన దెబ్బలు రెండు. మొదటిది తగిలాక వాడు తూలుకుంటూ గీత బయటికొచ్చి, కోచ్, నాకు రెండేసి కనిపిస్తున్నాయి అన్నాడు. కోచ్ లైనస్ బెంచీ వైపు చూశాడు. జట్టులో పదహారుమంది. ముగ్గురు అప్పటికే కట్లు కట్టించుకుని కూర్చున్నారు. మిగిలిన ఇద్దరు డ్వేన్ కంటే చిన్నవాళ్లు. నువ్వు వెళ్లు నాయనా, ఇంకొంచెంసేపే అన్నాడు కోచ్.

"మరుసటి వేసవిలో మీ నాన్న మా వంటింట్లో కూర్చుని నాకీ మాట చెప్పాడు," అన్నాడు ఎల్డన్. "మా అమ్మ పక్కగదిలో డ్వేన్‌కి అన్నం తినిపిస్తోంది. ఆయన టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు లొరీన్. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే నాకు చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

లొరీన్ చేతుల మీద పిండి ఎండి వేళ్లు బిగుసుకున్నాయి. ఒక్కొక్క వేలే రుద్దుకుంటూ వింది.

కోచ్ ముందు బడి బోర్డు దగ్గరికే వెళ్లాడట. ఈ పిల్లల సంఖ్యతో పదకొండుమంది ఆట వద్దు, క్రీడాసంఘానికి రాసి మినహాయింపు అడుగుదాం అన్నాడు. బోర్డులో ఉన్నవాళ్లంతా పాత ఆటగాళ్లు. మా కాలంలో పద్నాలుగుమందితో ఆడాం, మీ కుర్రాళ్లు పాలుతాగే పిల్లలా అని నవ్వి పంపేశారు. ఇక మిగిలింది లెక్క ఒక్కటే. లెక్కలో ఒక తల తగ్గాలి. కోచ్ వచ్చి ఎల్డన్‌ను అడిగాడు.

"అడిగాడా, పంపించాడా?" అంది లొరీన్.

"అడిగాడు. వారం రోజులు ఆలోచించుకోమన్నాడు. వద్దంటే ఇంకెవరినీ అడగనన్నాడు. నేనే వెళ్తానన్నాను. ఓక్లహోమా దాకా మీ నాన్నే తన కారులో దింపాడు. ఆ రోజు మీ అమ్మకి పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పాడట."

లొరీన్‌కు ఆ రోజు గుర్తుంది. నాన్న సాయంత్రానికి వచ్చి బుగ్గ పట్టుకుని, ఏమీ తినకుండా పడుకున్నాడు. ఆమె సూప్ కాచి ఇచ్చింది. డాన్సుకు తోడు పోయిందని తను ఏడుస్తుంటే మంచం పక్కన కూర్చుని తల నిమిరాడు. అది ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ వెనకే పట్టరాని జాలి వచ్చింది. రెండింటిలో దేనికి ఏడుస్తోందో తెలియకుండానే కళ్లు నిండాయి.

సీజను అయిపోగానే ఊరందరి ముందూ నిజం చెప్తానని కోచ్ మాటిచ్చాడు. చెప్పలేదు. మూడో ఏడాది ఎనిమిదిమంది ఆటలో రోజెన్‌ఫెల్డ్ రాష్ట్ర కప్పు గెలిచింది. ఊరేగింపు చేశారు, పేరు పలక పెట్టారు. ఆ పలక కింద నిలబడి నిజం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది మరి. అందుకే మ్యాచ్ చివర్లో ఈ పికప్‌లోకి వచ్చి కూర్చునేవాడు. ఎల్డన్‌ను క్షమించడానికి కాదు.

"వచ్చి ఏమనేవాడు?"

"ఏమీ అనేవాడు కాదు. ఆట చూసేవాళ్లం. వెళ్లేటప్పుడు, ఇవాళ కూడా అందరూ నడిచే వెళ్తున్నారు ఎల్డన్, అనేవాడు. అంతే."

"మరి నువ్వైనా ఎందుకు చెప్పలేదు? ఊరంతా నిన్ను ఆ పేరు పెట్టి పిలుస్తుంటే?"

ఎల్డన్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని మైదానం వైపు చూశాడు. "డ్వేన్ తర్వాత ఈ మైదానంలో అలా ఎవడూ పడిపోలేదు. నాకది చాలనిపించింది. చెప్పేద్దామని ఒక్కసారే అనిపించింది. కిరాణాకొట్టులో నువ్వు నవ్విన రోజు."

ఆ మాట అతను నిష్ఠూరంగా అనలేదు. అలా అని ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది. క్షమించు అనబోయింది, అతను తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ యాభై దాటిన మనుషులు. డాన్సుకు వెళ్లకుండానే ఇంత వయసు వచ్చేసింది.

చివరికి ఆమె కోల్బీ అడిగిన సంగతి చెప్పింది. యాడిరా సంగతి చెప్పింది. నాన్న చేసిందే కొడుకూ చేయమంటున్నాడు, అది తప్పో ఒప్పో నువ్వే చెప్పు అంది.

"నన్ను మీ నాన్న అడిగాడు. తెలిసే వెళ్లాను. ఆ పిల్లకేం తెలుసు? మా ఊళ్లో కుర్రాళ్లు బంతి పట్టుకుని గుద్దుకుంటారు, అందుకని నువ్వు గడప బయటే ఉండు అని దానికి చెప్తావా? చెప్పవు. పుస్తకాలు రాలేదని అబద్ధం చెప్తావు."

"చేర్చుకుంటే కోల్బీ జట్టు పిల్లల సంగతో?"

"దానికి నా దగ్గర జవాబు లేదు లొరీన్. ఉంటే ఇన్నేళ్లు ఇక్కడెందుకు కూర్చుంటాను?"

మూడింటికి ఒడీలియా వచ్చింది. రబ్బరు బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టి, మేజోళ్లతో గదిలోకి నడిచింది. వెనక యాడిరా. జుట్టు తడిగా, గట్టిగా అల్లి ఉంది. తల్లి మాటలకు ఆ పిల్లే ఇంగ్లీషు చెప్తోంది. మూడేళ్లలో నాలుగు బడులు మారిందట. ఈసారి డెయిరీవాళ్లు ఇల్లు కూడా ఇచ్చారు, ఇంక కదలం అని అమ్మ అంటోంది అంది. అమ్మ నిజంగానే అంటోందా, తను కోరుకుంటోందా అనేది లొరీన్ అడగలేదు.

"ఎప్పట్నించి రావచ్చు మేడమ్?"

లొరీన్ రిజిస్టరు తెరిచింది. ఆ క్షణంలో డ్వేన్ మొహం, కోల్బీ జట్టులో అందరికంటే చిన్నవాడి మొహం రెండూ కళ్లముందుకు వచ్చాయి.

"రేపే రామ్మా. ఎనిమిదింటికి."

ఒడీలియాకు ఆ మాట అనువదించనక్కర్లేకపోయింది. టెస్సాను పిలిచి యాడిరాకు బడి చూపించమంది లొరీన్. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లారు. పదిహేనేళ్ల పిల్లలకు స్నేహం కుదరడానికి ఎంతసేపు పడుతుంది కనుక.

కోల్బీ మెడలో ఈల వేసుకుని వరండాలోనే నిలబడి ఉన్నాడు. లొరీన్ అతన్ని లోపలికి పిలిచి అన్నీ చెప్పింది. తాత గురించి, డ్వేన్ గురించి, పళ్ల డాక్టరు గురించి. తను రోజూ ఏ పలక కిందినుంచి మైదానంలోకి నడుస్తాడో ఆ పలక మీద పేరున్న మనిషి గురించి. అతను కూర్చోలేదు. గోడకు ఆనుకుని విన్నాడు.

"అయితే తాత చేసింది తప్పంటావా?"

"ఆయన పిల్లల్ని కాపాడాడు. అది తప్పనను. దాని ఖరీదు వేరేవాడి చేత కట్టించి, నోరు మూసుకుని చచ్చిపోయాడు. అది తప్పు."

"నువ్విప్పుడు కట్టిస్తున్నది ఎవరిచేతమ్మా?" అన్నాడు కోల్బీ నెమ్మదిగా. "నా పద్దెనిమిదిమంది చేత కాదూ? వచ్చే ఏడు వాళ్లలో ఒకడు తూలుకుంటూ నా దగ్గరికొచ్చి రెండేసి కనిపిస్తున్నాయి అంటాడు. బెంచీ మీద ఎవడూ ఉండడు. అప్పుడు నేనేమనాలో కూడా చెప్పు."

ఆమె ఒక కాగితం ముందుకు లాక్కుంది. మినహాయింపుకు రాద్దాం, బోర్డుతో నేను మాట్లాడతాను అంది. బోర్డులో ఎవరున్నారో నీకు తెలుసు కదా అన్నాడు. మధ్యాహ్నం క్యాబేజీ తరుగుతూ స్తంభాలు జరపడానికి ఉబలాటపడుతున్నవాళ్లే. అతను ఈల నోట్లో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు, ఊదలేదు.

లొరీన్ ఇల్లు చేరేసరికి సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. వంటింట్లో ఎవరూ లేరు. టెస్సా గది తలుపు వారగా తీసి ఉంది. మంచం మీద పెద్ద సంచి, అందులో చలికోటు కూడా మడతపెట్టి ఉంది. సెప్టెంబరులో చలికోటు ఎవరూ సర్దుకోరు.

"ఇదేంటే?"

టెస్సా తిరిగి చూడలేదు. మేజోళ్లు జతలు కలుపుతూనే ఉంది. "నాన్నతో నువ్వు చెప్పిందంతా విన్నాను నానమ్మా. నీ గది తలుపు మూయలేదు. ఒక్కరు తగ్గితే చాలు కదా. రేపు పొద్దున్నే విచిటా బడిలో చేరుతున్నాను."

లొరీన్ మంచం అంచున కూలబడింది. మీ అమ్మ తిరిగి పంపదే అంది. ఆ సంగతి తనకు తెలుసంది టెస్సా. నాన్నకు తెలుసా అంటే తల అడ్డంగా ఊపింది. చెప్తే వెళ్లనివ్వడు, వెళ్లనిచ్చినా ఆయనే బతకలేడు అంది. ఇంకో జత మేజోళ్లు చుట్టి సంచిలో పెట్టింది.

"యాడిరాని చేర్చుకున్నావు, మంచి పని చేశావు. అది బాగా చదువుతుంది చూడు, బయాలజీలో నా సీటు దానికి చూపించాను. కానీ ఆ ఆరుగురు చిన్నవాళ్లు నా క్లాసువాళ్లు నానమ్మా. చిన్నప్పట్నించీ నా పక్కన కూర్చున్నవాళ్లు. వాళ్లకి దెబ్బలు తగలకూడదు, దానికి తలుపు మూయకూడదు. రెండూ కావాలంటే ఇంక మిగిలింది నేనే."

"నిన్నెవరడిగారే ఈ పని చెయ్యమని?"

"ఎవరూ అడగలేదు. అందుకే నేనే చెప్తున్నా."

బయట కంకర మీద కారు వచ్చి ఆగింది. కోల్బీ పికప్ చప్పుడు లొరీన్‌కు తెలుసు, అది కాదు. టెస్సా సంచి జిప్ లాగి భుజాన వేసుకుంది. బరువుకు ఒక పక్కకు ఒరిగింది.

"నేను బడి నుంచి ఫోన్ చేయగానే అమ్మ బయల్దేరింది. నాన్న ప్రాక్టీసు అయిపోయి వచ్చేలోపు వెళ్లిపోవాలి. నేను బడి మారుతున్నానంటే ప్రిన్సిపాల్ సరేననాలట కదా." ఇప్పుడు మాత్రం నానమ్మ కళ్లలోకి చూసింది. "సరేనను నానమ్మా."

ముందు తలుపు ఎవరో తట్టారు. లొరీన్ గది గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులూ చాచి నిలబడింది. తలుపు మళ్లీ తట్టారు.